కరోనా వైరస్ కణప్రవేశంపై పరిశోధన పత్రాన్ని చదవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జీవశాస్త్రం చదువుతున్న డిగ్రీ, ఎమ్మెస్సీ విద్యార్థులకు సజీవమైన కరోనా వైరస్‌తో ప్రయోగం చేసే అవకాశం కళాశాలలో ఉండదు, ఉండకూడదు కూడా. కానీ ఆ ప్రయోగాల ఫలితాలను వివరించే పత్రాల్లో చాలావాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ప్రొటీన్ల నిర్మాణాలను ఫోన్ తెరపైనే తిప్పి చూడవచ్చు. ప్రయోగశాల లేని చోట ఉన్నంత మాత్రాన ఈ శాస్త్రానికి దూరంగా ఉండిపోవలసిన పని లేదు. ఎచ్చెర్లలో చదివే విద్యార్థి అయినా, విజయనగరంలో పాఠం చెప్పే అధ్యాపకుడైనా వైరస్ కణప్రవేశంపై వచ్చిన ఒక పత్రాన్ని ముందు పెట్టుకొని, దానిలో ఏది రుజువైందో, ఏది రుజువు కాలేదో తేల్చుకోవడానికి అనుసరించదగిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఆ పద్ధతికంతటికీ మూలమైన ప్రశ్న ఒక్కటే: ఈ ప్రయోగం ఏ కణంలో జరిగింది? పత్రం శీర్షిక, సారాంశం చదివి ఆగిపోయేవారికి ఆ ప్రశ్న తట్టదు. 2020లో మన దేశంలో ఎందరో మింగిన ఒక మాత్ర కథ ఆ ప్రశ్నలోనే ఉంది.

ముందుగా తెలుసుకోవలసిన అణువులు

కోవిడ్ కలిగించే కరోనా వైరస్ పేరు సార్స్-కోవ్-2. దాని రేణువు వ్యాసం సుమారు 100 నానోమీటర్లు. దానిలోని ఆర్‌ఎన్‌ఏ పొడవు దాదాపు 30,000 న్యూక్లియోటైడ్లు. రేణువు పైపొర నుంచి పొడుచుకొని వచ్చిన కొమ్ములే స్పైక్ ప్రొటీన్లు. ఒక్కో కొమ్ములో ఒకే రకమైన గొలుసులు మూడు ఉంటాయి, ఒక్కో గొలుసులో 1,273 అమైనో ఆమ్లాలు ఉంటాయి. గొలుసు మొదటి సగాన్ని ఎస్1 అని, రెండో సగాన్ని ఎస్2 అని పిలుస్తారు. కణాన్ని పట్టుకొనే పని ఎస్1ది. వైరస్ పొరను కణం పొరతో కలిపే పని ఎస్2ది. ఎస్1లో 319 నుంచి 541వ అమైనో ఆమ్లం వరకు ఉన్న భాగమే గ్రాహకాన్ని, అంటే కణంపై వైరస్ పట్టుకొనే ప్రొటీన్‌ను, అంటుకొనే భాగం. ఇది కొమ్ము కొనలో ఒకసారి ముడుచుకొని, ఒకసారి పైకి లేచి ఉంటుంది. పైకి లేచినప్పుడే గ్రాహకానికి అందుతుంది.

మన కణాల ఉపరితలంపై ఉండే ఏసీఈ2 అనే ఎంజైమే ఆ గ్రాహకం. యాంజియోటెన్సిన్-2 అనే హార్మోనును విడగొట్టి రక్తపోటును అదుపులో ఉంచడానికి తోడ్పడటం దాని అసలు పని. 2003లో మైకేల్ ఫర్జాన్ బృందం మొదటి సార్స్ వైరస్ కొమ్ములోని ఎస్1 భాగాన్ని ఎరగా వేసి, కోతి మూత్రపిండ కణాల నుంచి దానికి అంటుకొన్న ప్రొటీన్‌ను బయటికి లాగి చూసినప్పుడు దొరికింది ఇదే.

పాఠ్యపుస్తకాలు ఇక్కడ తాళం, తాళంచెవి ఉపమానం చెప్పి ఊరుకుంటాయి. ఆ ఉపమానం మొదటి మెట్టుకు మాత్రమే సరిపోతుంది. ఏసీఈ2ను పట్టుకొన్నంత మాత్రాన వైరస్ లోపలికి పోదు; స్పైక్ ప్రొటీన్ రెండు చోట్ల తెగాలి. మొదటి కోత ఎస్1, ఎస్2ల మధ్య పడుతుంది. సార్స్-కోవ్-2 విషయంలో, వైరస్ ఇంకా పాత కణంలో తయారవుతూ ఉండగానే ఫ్యూరిన్ అనే ఎంజైమ్ ఈ కోత వేస్తుంది. రెండో కోత ఎస్2 లోపల, 815వ అమైనో ఆమ్లం దగ్గర, కొత్త కణాన్ని చేరిన తరువాత పడుతుంది. ఆ కోత వేయగల ఎంజైములు ముఖ్యంగా రెండు. ఒకటి కణం ఉపరితలంపై ఉండే టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2. ఇది ఉన్న కణంలో వైరస్ ఉపరితలం దగ్గరే పొరను కలిపేసుకొని తన ఆర్‌ఎన్‌ఏను లోపలికి వదులుతుంది. రెండోది కెథెప్సిన్-ఎల్. ఇది కణం లోపల ఎండోసోమ్ అనే సంచిలో ఉంటుంది, ఆ సంచిలో ఆమ్లత్వం ఉంటేనే పని చేస్తుంది. ఉపరితలంపై టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 లేని కణంలో వైరస్ ఎండోసోమ్ సంచిలోకి వెళ్లి అక్కడి నుంచి బయటపడుతుంది. రెండో కోత పడగానే ఎస్2 ఒక కొసను కణపు పొరలో గుచ్చి, తనలో తాను మడతపడి, రెండు పొరలనూ దగ్గరకు లాగి ఏకం చేస్తుంది. దారులు రెండున్నాయన్న విషయాన్ని గట్టిగా గుర్తుపెట్టుకొన్నవారికి ఇక మీద వచ్చేదంతా సులువుగా అర్థమవుతుంది.

ఫోన్‌లో నిర్మాణాన్ని చూడడం

పత్రం తెరవకముందే ఒక గంట ఈ పనికి కేటాయించమని నా సలహా. ప్రొటీన్ డేటా బ్యాంక్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి 6ఎం0జె అనే సంకేతాన్ని ఆంగ్ల అక్షరాలతో వెతకాలి. ఏసీఈ2కు స్పైక్‌లోని అంటుకొనే భాగం తగులుకొని ఉన్న స్ఫటిక నిర్మాణం అది, 2020లో ప్రచురితమైంది. త్రిమితీయ దృశ్యాన్ని ఎంచుకొంటే అదే పేజీలో అది తెరుచుకొంటుంది, వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కరలేదు. అందులో ఏ అనే గొలుసు ఏసీఈ2ది, ఇ అనే గొలుసు స్పైక్‌ది. ఇ గొలుసులో 501వ అమైనో ఆమ్లాన్ని తాకితే దాని చుట్టుపక్కల ఉన్నవన్నీ కడ్డీల రూపంలో బయటపడతాయి. అది ఆస్పరజీన్. దానికి ఎదురుగా ఏసీఈ2 వైపు 41వ టైరోసిన్, 353వ లైసిన్ కనిపిస్తాయి. ఆల్ఫా రకంలో ఈ ఆస్పరజీన్ స్థానంలో టైరోసిన్ వచ్చిందని చదివినప్పుడు, ఆ మార్పు పట్టును ఎందుకు బిగించిందో కంటితోనే ఊహించుకోవచ్చు. తరువాత 417వ లైసిన్‌ను తాకి చూడండి. ఏసీఈ2లోని 30వ ఆస్పార్టిక్ ఆమ్లంతో అది ఏర్పరచుకొన్న విద్యుదాకర్షణ బంధం కనిపిస్తుంది. బీటా రకంలో ఆ లైసిన్ పోయింది.

ఇప్పుడు డెల్టా రకంలో మారిన 681వ స్థానం కోసం ఇదే నిర్మాణంలో వెతకండి. దొరకదు. ఆ స్థానం ఫ్యూరిన్ కోత పక్కన ఉంటుంది, ఈ నిర్మాణంలో ఉన్నదేమో అంటుకొనే భాగం ఒక్కటే. పోనీ మొత్తం కొమ్ము ఉన్న 6విఎస్‌బి నిర్మాణాన్ని తెరిచి చూస్తే, అక్కడ కూడా ఆ కోత చోటు స్పష్టంగా కనిపించదు. జేసన్ మెక్‌లెల్లన్ బృందం 2020 ఫిబ్రవరిలో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో ఆ నిర్మాణాన్ని నిర్ధారించినప్పుడు, కొమ్ము మడతపడిపోకుండా రెండు చోట్ల ప్రోలీన్‌లను పెట్టి, ఫ్యూరిన్ కోత చోటును మార్చి మరీ ప్రొటీన్‌ను తయారు చేసింది. ఏ నిర్మాణాన్ని చూసినా అది ఏ రూపంలో తయారైన ప్రొటీన్‌దో పద్ధతుల విభాగంలో వెతికి చూడడం ఇక్కడి నుంచే అలవాటు చేసుకోవాలి.

సూడోవైరస్ అంటే ఏమిటి, దేనిని కొలుస్తుంది

సజీవ సార్స్-కోవ్-2ను కణాల్లో పెంచాలంటే మూడో స్థాయి జీవభద్రత గల ప్రయోగశాల కావాలి. మన దేశంలో పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ, హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) వంటి కొన్ని సంస్థలకే 2020లో ఆ పని సాధ్యమైంది. అందుకే ప్రవేశాన్ని మాత్రమే కొలవాలనుకొన్న చోట ఎక్కువమంది సూడోవైరస్‌ను వాడతారు. పశువులకు సోకే వీఎస్‌వీ అనే వైరస్ నుంచో, హెచ్‌ఐవీ నుంచో ప్రవేశానికి కావలసిన సొంత ప్రొటీన్‌ను తీసివేసి, దాని స్థానంలో కరోనా స్పైక్‌ను తొడుగుతారు. రేణువు లోపల వ్యాధి కలిగించే జన్యువులకు బదులు, మిణుగురు పురుగు వెలుగుకు కారణమైన లూసిఫరేజ్ ఎంజైమ్ జన్యువును పెడతారు. ఈ రేణువు కణంలోకి ఒకసారి పోగలదు. అక్కడ లూసిఫరేజ్ తయారవుతుంది. పిల్ల రేణువులు పుట్టినా వాటికి ప్రవేశించే శక్తి ఉండదు. తరువాత తగిన రసాయనం కలిపి, ఆ కణాల నుంచి వచ్చే వెలుగును యంత్రంతో కొలుస్తారు. వెలుగు ఎక్కువగా వస్తే ఎక్కువ రేణువులు లోపలికి పోయాయని అర్థం.

ఈ కొలత చాలా నమ్మకమైనదే, కానీ అది ప్రవేశాన్ని తప్ప మరి దేనినీ కొలవదు. లోపలికి పోయాక వైరస్ ఎంత వేగంగా ప్రతులను తయారు చేసుకొంటుందో, మనిషి నుంచి మనిషికి ఎంత సులభంగా పాకుతుందో సూడోవైరస్ చెప్పలేదు. ఒక రకం వైరస్ స్పైక్‌తో వెలుగు మూడు రెట్లు పెరిగిందని పత్రం చెబితే, వార్తాపత్రికల్లో అది మూడు రెట్లు వేగంగా వ్యాపించే వైరస్‌గా మారిపోవడం మనం చూశాం. ఆ రెండు మాటలకూ మధ్య ఎన్నో ప్రయోగాల దూరం ఉంది.

పటాన్ని చదవడం

ఇక పత్రంలోని మొదటి స్తంభ పటం దగ్గరకు రండి. నిలువు గీతపై అంకెలు 10, 100, 1,000 అని పదింతలు చొప్పున పెరుగుతున్నాయా, సమానంగా పెరుగుతున్నాయా అన్నది ముందు చూడాలి. పదింతల గీతపై కొంచెం పొట్టిగా కనిపించే స్తంభం నిజానికి పదో వంతే కావచ్చు.

ఆ తరువాత కంట్రోళ్లు, అంటే ఫలితాన్ని పోల్చి చూడడానికి పెట్టిన నమూనాలు, వెతకాలి. మంచి పత్రంలో కనీసం రెండు ఉంటాయి. ఒకటి, స్పైక్ అసలే తొడగని బోడి రేణువు. అది ఇచ్చే వెలుగే ఆ ప్రయోగానికి నేలమట్టం. దానికంటే స్పష్టంగా పైకి లేవని స్తంభానికి అర్థం లేదు. రెండోది, వీఎస్‌వీ తన సొంత ప్రొటీన్‌తోనే ఉన్న రేణువు. అది ఏసీఈ2తో గాని టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2తో గాని పని లేకుండా దాదాపు అన్ని కణాల్లోకీ పోతుంది. ఒక మందు కరోనా స్పైక్ ఉన్న రేణువును ఆపి, వీఎస్‌వీ రేణువును ఆపకపోతే, ఆ మందు కణాలను చంపడం వల్ల వెలుగు తగ్గలేదని, స్పైక్ దారినే అది మూసిందని చెప్పవచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది, దానిని గమనించినవారు చాలా దూరం చూడగలరు: వీఎస్‌వీ సొంత ప్రొటీన్ కూడా ఎండోసోమ్‌లోని ఆమ్లత్వం మీదే ఆధారపడుతుంది. కాబట్టి ఎండోసోమ్ ఆమ్లత్వాన్ని తగ్గించే మందును పరీక్షిస్తున్నప్పుడు రెండు రేణువులూ ఆగిపోతాయి. అప్పుడు ఈ కంట్రోల్ ఒక్కటే సరిపోదు, కణాలు బతికే ఉన్నాయని విడిగా చూపించాలి.

గ్రాహకం ఏదో రుజువు చేయడానికి రెండు వైపుల నుంచీ సాక్ష్యం కావాలి. వూహాన్‌లోని షీ జంగ్‌లీ బృందం 2020 ఫిబ్రవరిలో ప్రచురించిన పత్రంలో ఒక ప్రయోగం దీనికి చక్కని నమూనా. ఏసీఈ2 లేని హీలా కణాలను తీసుకొని, వాటిలో మనిషి, గబ్బిలం, పునుగుపిల్లి, పంది, ఎలుకల ఏసీఈ2లను విడివిడిగా ప్రవేశపెట్టి, ఆ కణాలకు వైరస్‌ను తగిలించారు. ఎలుక ఏసీఈ2 ఉన్న కణాలకు తప్ప మిగిలినవాటికి సోకింది. ఇతర కరోనా వైరస్‌లు వాడుకొనే ఏపీఎన్, డీపీపీ4 గ్రాహకాలను పెట్టి చూస్తే సోకలేదు. లేని చోట పెడితే ప్రవేశం వచ్చింది, వేరొకటి పెడితే రాలేదు. దీనికి తోడు, ఏసీఈ2ను యాంటీబాడీతో కప్పివేస్తే ప్రవేశం ఆగిందని మరో ప్రయోగం చూపితే వాదన పూర్తవుతుంది. ఈ రెంటిలో ఒకటే ఉన్న పత్రాన్ని చదివేటప్పుడు అంచున ఆ మాట రాసుకోవాలి.

ఏ కణం?

జర్మనీలోని గోటింగెన్‌లో మార్కస్ హాఫ్‌మన్, స్టెఫాన్ పోల్మన్‌ల బృందం 2020 మార్చిలో ప్రచురించిన పత్రం, సార్స్-కోవ్-2 ప్రవేశానికి ఏసీఈ2తో పాటు టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 కూడా కావాలని చూపింది. కామోస్టాట్ అనే మందుతో ఆ ఎంజైమును ఆపితే కాలూ-3 అనే మానవ ఊపిరితిత్తుల కణాల్లో ప్రవేశం బాగా తగ్గింది. అంతకు ముందే ఫిబ్రవరిలో, క్లోరోక్విన్ ఈ వైరస్‌ను వెరో-ఈ6 కణాల్లో ఆపుతుందని వూహాన్ నుంచి మరో పత్రం వచ్చింది. మలేరియాకు మన ఏజెన్సీ మండలాల్లో తరతరాలుగా వాడిన క్లోరోక్విన్ పేరు, దాని సోదర మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ పేరు ఆ తరువాత ప్రపంచమంతా మారుమోగాయి. 2020 మార్చిలో ఐసీఎంఆర్ వైద్య సిబ్బందికి, రోగుల ఇంట్లోవారికి ముందు జాగ్రత్తగా హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను సిఫార్సు చేసింది. చేతిలో ఏ మందూ లేని ఆ రోజుల్లో తీసుకొన్న నిర్ణయమది.

వెరో కణాలు ఏమిటో ఇప్పుడు చూడండి. 1962లో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా పచ్చకోతి మూత్రపిండం నుంచి తీసిన కణసంతతి అది. వైరస్‌లు అందులో చక్కగా పెరుగుతాయి కాబట్టి టీకాల తయారీలో వాటికి పెద్ద స్థానం ఉంది. కోవాగ్జిన్ కోసం వైరస్‌ను పెంచింది కూడా వెరో కణాల్లోనే. కానీ వాటిపై టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 చెప్పుకోదగినంత ఉండదు. అంటే వెరో కణంలోకి వైరస్ ఎండోసోమ్ దారిలోనే పోవాలి. క్లోరోక్విన్ ఎండోసోమ్ ఆమ్లత్వాన్ని తగ్గిస్తుంది, కెథెప్సిన్-ఎల్ పని ఆగుతుంది, వైరస్ సంచిలో చిక్కుకొంటుంది. ప్రయోగం సరిగానే జరిగింది, ఫలితం నిజమే. అయితే మనిషి ఊపిరితిత్తుల కణంపై టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 ఉంది, అక్కడ వైరస్ ఎండోసోమ్ దాకా పోనవసరమే లేదు. 2020 జులైలో అదే గోటింగెన్ బృందం క్లోరోక్విన్‌ను, హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను కాలూ-3 కణాల్లో పరీక్షించి, అవి వైరస్‌ను ఆపలేదని ప్రచురించింది. వెరో కణాలకే టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2ను చేర్చి చూస్తే ఆ కణాల్లోనూ మందుల ప్రభావం తగ్గిపోయింది. ఆసుపత్రిలో చేరిన రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల ప్రయోజనం లేదని బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ అంతకు ముందు నెలలోనే ప్రకటించింది.

అందుచేత పత్రం చేతికి రాగానే పద్ధతుల విభాగంలో కణాల పేర్లకు గీత గీసి, ప్రతి పేరు పక్కనా మూడు విషయాలు రాయాలి: ఏ జీవి, ఏ అవయవం, టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 ఉందా లేదా. హెచ్‌ఈకే-293టి కణాలు మానవ పిండ మూత్రపిండానివి, వాటిపై ఏసీఈ2 బహు తక్కువ కాబట్టి సాధారణంగా దానిని బయటి నుంచి చేరుస్తారు. అలా చేర్చినప్పుడు అది సహజ కణాల్లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండవచ్చు. కాకో-2 మానవ పెద్దపేగు కణాలు, వాటిపై టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 ఉంటుంది. వెరో-ఈ6లో పదేపదే పెంచిన వైరస్, అవసరం లేని ఫ్యూరిన్ కోత చోటును పోగొట్టుకొంటుందని కూడా తేలింది కాబట్టి, పత్రంలో వాడిన వైరస్ ఎక్కడ పెరిగినదో కూడా చూడాలి. సరైన కణం దొరికినా మందు రోగిలో పని చేస్తుందని అర్థం కాదు: కాలూ-3లో అంత బాగా కనిపించిన కామోస్టాట్ తరువాతి క్లినికల్ ట్రయల్స్‌లో ఆశించిన ఫలితం ఇవ్వలేదు.

ఒమిక్రాన్ ఈ ప్రశ్నకు మరో ముఖం చూపింది. 2021 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదటి ఒమిక్రాన్ కేసు విజయనగరం జిల్లాలోనే నమోదైంది. జన్యుక్రమాన్ని హైదరాబాద్ సీసీఎంబీలో నిర్ధారించారు. స్పైక్‌లో 30కి పైగా మార్పులున్న ఈ రకం, టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2ను మునుపటి రకాల కంటే తక్కువగా వాడుకొని ఎండోసోమ్ దారి వైపు మొగ్గిందని 2022లో వచ్చిన పత్రాలు చూపించాయి. కాలూ-3 కణాల్లో దాని ప్రవేశం డెల్టా కంటే బలహీనంగా ఉంది, పక్కపక్క కణాలను కలిపివేసే శక్తి కూడా తగ్గింది. ఒకే వైరస్ పేరు కింద రెండు రకాల అలవాట్లు ఉన్నందున, 2020 నాటి పత్రం నుంచి తీసుకొన్న మాటను 2022 నాటి రకానికి నేరుగా అన్వయించకూడదు.

ఉద్దానం వారికి ఒక మాట

కవిటి, సోంపేట ప్రాంతాల్లో మూత్రపిండ వ్యాధితో బాధపడుతూ రక్తపోటు మాత్రలు వేసుకొనేవారు ఎందరో ఉన్నారు కనుక ఈ విషయం పక్కదారి అనిపించినా చెప్పాలి. లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి మందులు ఏసీఈ2ను పెంచుతాయని కొన్ని జంతు ప్రయోగాలు చూపడంతో, అవి వేసుకొంటే కరోనా ముదురుతుందేమోనన్న భయం 2020లో వ్యాపించింది. గ్రాహకం పెరిగితే ప్రవేశం పెరగాలన్న తర్కం వినడానికి బాగానే ఉంటుంది. కానీ బ్రెజిల్‌లో ఆసుపత్రిలో చేరిన రోగులపై జరిగి 2021 జనవరిలో ప్రచురితమైన ట్రయల్‌లో, ఈ తరగతి మందులు ఆపినవారికి, కొనసాగించినవారికి మధ్య 30 రోజుల ఫలితంలో తేడా కనిపించలేదు. కణప్రవేశం గురించి చదివిన ఒక వాక్యం ఆధారంగా ఎవరూ డాక్టరును అడగకుండా మాత్ర మానకూడదు. ఇంట్లో పెద్దవారికి ఈ మాట చెప్పవలసిన బాధ్యత జీవశాస్త్రం చదివే పిల్లలది.

మన కళాశాలల్లో చేయదగినది

నిర్మాణాల పరిశీలన, వివిధ రకాల స్పైక్ జన్యుక్రమాలను పోల్చి మార్పులు గుర్తించడం, వివిధ జంతువుల ఏసీఈ2లలో 353వ స్థానం వంటి కీలక చోట్లను పక్కపక్కన పెట్టి ఎలుకది ఎందుకు పనికిరాలేదో వెతకడం, ఇవన్నీ ఒక సాధారణ కంప్యూటరుతో ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా చేయవచ్చు. కొనుగోలు చేసిన శుద్ధ ప్రొటీన్లతో, ఏసీఈ2కు స్పైక్ భాగం అంటుకొనే తీరును ఎలైసా (ప్రొటీన్ల బంధాన్ని రంగు మార్పుతో కొలిచే పరీక్ష) పద్ధతిలో కొలవడానికి కూడా వైరస్ అవసరం లేదు. సూడోవైరస్ పని వేరు. దానికి రెండో స్థాయి జీవభద్రత గల గది, కణాలను పెంచే వసతి, అనుభవజ్ఞుల పర్యవేక్షణ కావాలి. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నియమాల ప్రకారం, జన్యుమార్పిడి చేసిన జీవపదార్థంతో పనిచేసే ప్రతి సంస్థలోనూ జీవభద్రతా సంఘం ఉండాలి. ఆ సంఘం అనుమతి కాగితం చేతికి వచ్చాకే ప్లాస్మిడ్ల (సూడోవైరస్ తయారీకి కావలసిన జన్యువులను మోసే డీఎన్‌ఏ వలయాల) కోసం ఉత్తరం రాయాలి. రోగుల గొంతు నుంచి తీసిన నమూనాలను మాత్రం, ఎవరు తెచ్చి ఇచ్చినా, కళాశాల ప్రయోగశాలలో కణాలపై వేసి చూడకూడదు.